ఆఫర్‌లో వచ్చిన డ్రిల్లు

దుబ్బాక,
జూన్ 8.

ఏమే అర్షియా,

ఈ కాలంలో ఉత్తరమేమిటి, దీనికేమైనా పిచ్చి పట్టిందా అనుకుంటున్నావు కదూ! ముందు కారణం విను. మా అత్త బుచ్చవ్వకు చెవులు సరిగ్గా వినబడవు. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా "స్పీకర్ పెట్టుండ్రి, నేను గూడ ఇంట" అంటుంది. స్పీకర్ పెడితే ఆమెకు తప్ప వాడకంతా వినబడుతుంది. మెసేజ్ పెడదామంటే నా బిడ్డ దేవిక కొత్తగా చదవడం నేర్చింది. కనబడ్డ ప్రతి అక్షరాన్నీ గొంతెత్తి చదువుతోంది. అందుకే పోస్టాఫీసే నయమనుకున్నాను.

ఇంట్లో తెలియకూడని సంగతి ఏమిటంటే, ఒక డ్రిల్లు మిషన్.

మీ సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద కొత్తగా డిస్కౌంట్ సూపర్ మార్కెట్ పెట్టారట కదా. దాని కాగితం మా పేపరులో వచ్చింది. కందిపప్పుకూ సబ్బులకూ మధ్యన పచ్చటి డబ్బాలో డ్రిల్లు, దాంతోపాటు దాని మూతికి తగిలించే నలభై బిట్లు, అన్నీ కలిపి పన్నెండు వందల తొంభై తొమ్మిది. ఆ కాగితం మడతలు అరిగిపోయేదాకా చూశాను.

మనం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాసై తొమ్మిదేళ్లవుతోంది. ఈ తొమ్మిదేళ్లూ నేను పట్టుకున్నది మగ్గం కండెలే. ఇక్కడ కొత్త ఇళ్లు లేస్తున్నాయి. టీవీ తగిలించాలన్నా, పరదా కడ్డీ బిగించాలన్నా సిద్దిపేట నుంచి మేస్త్రీ రావాలి. వాడు రేపంటాడు, ఎల్లుండంటాడు. ఆ పని నేనెందుకు చేయకూడదు? మా ఆయన రాజంతో మాత్రం "మన పరదాల కోసం" అని చెప్పి ఊరుకున్నాను.

నువ్వు మీ నాన్న దుకాణంలో రోజూ వీటి కడుపులు కోసి చూస్తుంటావు. చెప్పు, కొనొచ్చా?

నీ మహేశ్వరి

*

సిద్దిపేట,
జూన్ 14.

మహేశ్వరీ,

నీ ఉత్తరం మా అబ్బాకే ముందు దొరికింది. చూపు మందగించింది కదా, కరెంటు బిల్లనుకుని పక్కన పెట్టాడు. రెండు రోజుల తర్వాత నా చేతికొచ్చింది.

నువ్వడిగిన పచ్చ డ్రిల్లు నా బల్ల మీద ఇప్పుడు మూడున్నాయి. మూడూ కాలినవే. ఒకటి విప్పాను. పైన చూస్తే పెళ్లికొడుకు, లోపల చూస్తే కిరాయి షేర్వాణీ. మోటారు తీగ సన్నం. గేరు పళ్లు మెత్తన. బేరింగు ఉండాల్సిన చోట చిన్న ఇత్తడి గొట్టం పెట్టారు. ఆ నలభై బిట్లలో ముప్పయ్యింటితో సబ్బు మీద రంధ్రం పడుతుందేమో, గోడ మీద అనుమానమే.

అట్లని పూర్తిగా చెత్త అనను. చెక్కకు పనికొస్తుంది. ఇటుక గోడకు, ఆగి ఆగి కొడితే, పనికొస్తుంది. ఏడాదికి పది రంధ్రాలు కొట్టుకునే ఇంటికి అది చాలు. వాళ్లు మంచి కంపెనీది అయిదు వేలు పెట్టి కొని అటక మీద పెట్టుకోవడం దండగ కూడా. కానీ స్లాబు, బీము, అంటే కాంక్రీటు తగిలితే మాత్రం నిమిషంలో పొగ. నువ్వు కొనాలనుకున్నది పరదాల కోసం కాదు, బతుకుదెరువు కోసం. దానికి ఇది కాదు. వాడిన మంచి మిషన్ ఎక్కడైనా దొరికితే నేనే చూసి, బాగుచేసి పంపిస్తాను. అప్పటిదాకా ఓపిక పట్టు.

అబ్బా ఏమన్నాడో కూడా రాస్తున్నా. "ఆ పిల్లకు చెప్పు బేటా, చౌక మిషన్ చేతిని తొందరపెడ్తది" అన్నాడు. నాకైతే సగమే అర్థమైంది.

అర్షియా

*

దుబ్బాక,
జూలై 2.

అర్షియా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కిరాయి షేర్వాణీ దగ్గర నవ్వితే మా అత్త "ఏందే, ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్?" అని అడిగింది. "పండ్లు బాగలేవంటున్నది అర్షియా" అన్నాను. గేరు పళ్లు అనలేదు. "పుల్లతోని తోముకొమ్మను" అంది.

ఓపిక పట్టమన్నావు, పట్టాను. కానీ ఒక సంగతి జరిగింది. బస్టాండు దగ్గర చీరల దుకాణం ప్రమీలాదేవి నీకు తెలుసు కదా, గాజులు చప్పుడు చేసుకుంటూ మాట్లాడే ఆమె. దుకాణానికి కొత్త అరలు బిగించాలట, మేస్త్రీ మూడుసార్లు ఎగ్గొట్టాడట. నేనక్కడికి మేం నేసిన తువ్వాళ్లు వేయడానికి పోయి, నోటి నుంచి ఎట్ల వచ్చిందో, "నేను బిగిస్త మేడం" అన్నాను. ఆమె నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది. "మిషన్ ఉన్నదా నీ దగ్గర?" అంది. "ఉన్నది" అన్నాను.

లేదు కదా!

ఆగస్టు మొదటి వారం లోపల చేయాలి. వాడిన మిషన్ ఏదైనా దొరికిందా? దొరక్కపోతే ఆ పచ్చదాన్నే జాగ్రత్తగా వాడితే సరిపోతుందేమో, ఇంకోసారి ఆలోచించి చెప్పు. నువ్వు ఏది చెబితే అది.

మహేశ్వరి

*

సిద్దిపేట,
జూలై 11.

మహేశ్వరీ,

వాడిన మిషన్ దొరకలేదు. ఆలోచించాను. ఈ మధ్య కొత్త సరుకు వచ్చింది, మొదటిదానికంటే మేలు. ఆరు నెలల వారంటీ కూడా ఇస్తున్నారు. తీసుకో, ఫర్వాలేదు.

పని ఒత్తిడిలో ఉన్నాను. తర్వాత వివరంగా రాస్తాను.

అర్షియా

*

దుబ్బాక,
జూలై 24.

అర్షియా,

కొన్నాను! మొదటిసారి నీ దగ్గర నుంచి ఇంత చిన్న ఉత్తరం వచ్చింది. అయినా అందులో "తీసుకో" అని ఉంది, అది చాలు.

రాజమే సిద్దిపేట పోయి తెచ్చాడు. డబ్బా తెరవగానే దేవిక నలభై బిట్లనూ లెక్కపెట్టి, ముప్పై తొమ్మిదే ఉన్నాయని తేల్చింది. నలభయ్యోది మా అత్త పట్టుకుని, అది దేనికి పనికొస్తుందో చూస్తోంది. మొదటి రంధ్రం వంటింట్లో కొట్టాను. ఆ చప్పుడు మా అత్తకు కూడా వినబడింది! "మిల్లు పెట్టినవా ఇంట్ల?" అని పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు ఆమెకే మోజు పుట్టింది. "గీడ ఒకటి కొట్టు, చాట తగిలిస్త. గాడ ఒకటి కొట్టు, గొడుగు తగిలిస్త" అని వెంటబడుతోంది. రెండు రోజుల్లో పదకొండు రంధ్రాలు కొట్టాను. పొగ లేదు, వాసన లేదు. పక్కింటివాళ్లు అద్దం తగిలించమని పిలిచారు. టీ ఇచ్చారు, ఇరవై రూపాయలు కూడా ఇచ్చారు. రాజం ఆ నోటును తిప్పి తిప్పి చూశాడు. మర్నాడు పొద్దున నిచ్చెన ఎవరిదో అడిగి తెచ్చి గోడకు ఆనించి పెట్టాడు.

మనిషి నోటితో చెప్పడే, ఇట్లా చేస్తాడు.

వచ్చే గురువారం ప్రమీలాదేవి దుకాణం. నా కోసం దువా చేయి.

మహేశ్వరి

*

దుబ్బాక,
ఆగస్టు 12.

అర్షియా గారికి,

గురువారం ఏం జరిగిందో చెబుతాను. పది గంటలకల్లా పని మొదలుపెట్టాను. కింది వరసలు ఇటుక గోడ మీద, చక్కగా దిగాయి. ప్రమీలాదేవి మెత్తబడి నాకు మజ్జిగ కూడా తెప్పించింది. పై వరస బీము మీద వచ్చింది. నాకు తెలియక కాదు, చూస్తూనే ఉన్నాను అది కాంక్రీటని. నువ్వు ముందు రాసిందీ గుర్తుంది, తర్వాత రాసిందీ గుర్తుంది. తర్వాత రాసినదాన్నే నమ్మాను.

ఒక రంధ్రం సగం దిగింది. రెండోది పావు దిగింది. మూడోదానికి మిషన్ చేతిలో మూలిగింది, పక్కనున్న సందుల్లోంచి పొగ వచ్చింది. పట్టుచీరలు చూస్తున్న ఆడవాళ్లంతా లేచి బయటికి పోయారు. ప్రమీలాదేవి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏందమ్మా గిది, బొక్కలు కొడ్తవనుకుంటే నా చీరలకు సాంబ్రాణి పొగ పెట్టినవ్!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. నిచ్చెన దిగి, ఎల్లుండి వస్తానని చెప్పి వచ్చేశాను. పై వరస అరలు నేల మీదే ఉన్నాయి.

ఆదివారం మిషన్ సంచిలో వేసుకుని సిద్దిపేట వచ్చాను. ముందు మీ దుకాణానికే వచ్చాను. తాళం వేసి ఉంది. తలుపు పైన కొత్త పచ్చ బోర్డు ఉంది కానీ ఎండ కళ్లలో పడి చదవలేదు. అక్కణ్నుంచి సూపర్ మార్కెట్‌కు పోయాను.

లోపల జనం గుమిగూడి ఉన్నారు. మైకులో గొంతు వినబడింది. "అక్కా, అన్నా, గిదొక్కటి ఇంట్ల ఉంటే మేస్త్రీ తోని పనే లేదు! ఇటుకనా, కాంక్రీటా, ఏదైనా సరే, చూడుండ్రి!" ఆ గొంతు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. పచ్చ ఆప్రాన్ కట్టుకుని, నవ్వుతూ, నువ్వు. నీ ముందు బల్ల మీద బూడిదరంగు దిమ్మె. బిట్ పెట్టగానే వెన్నలో దిగినట్టు దిగింది, జనం చప్పట్లు కొట్టారు. అర్షియా, ఆ దిమ్మె ఏమిటో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తేలికపాటి సిమెంటు ఇటుక అది. గోరు గుచ్చినా దిగుతుంది. మనిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం.

నేను బియ్యం బస్తాల వెనక నిలబడి మొత్తం చూశాను. పిలవబుద్ధి కాలేదు.

కౌంటరు దగ్గర కాలిన డ్రిల్లు చూపిస్తే, "మేం మార్చం, సర్వీస్ సెంటర్‌ల ఇస్తరు, చీటీ మీద అడ్రసున్నది" అన్నారు. చీటీ మీద ఉన్నది మీ దుకాణం అడ్రసు. ఆ పచ్చ బోర్డు ఏమిటో అప్పుడు తెలిసింది. మిషన్ అక్కడే వదిలి వచ్చాను. ఎట్లాగూ నీ దగ్గరికే వస్తుంది కదా.

ఎప్పటి నుంచి? జూలై పదకొండు నాటికే ఉందా ఈ బోర్డు? అంత మాత్రం చెప్పండి.

మహేశ్వరి

*

సిద్దిపేట,
ఆగస్టు 20.

మహేశ్వరీ,

ఉంది. జూలై అయిదు నుంచి ఉంది.

ఆ సూపర్ మార్కెట్ మేనేజరు ఓంప్రకాశ్ మా దుకాణానికి వచ్చాడు. చౌక మిషన్లు వచ్చాక మాకు పని సగమైంది. పాతది బాగుచేయించే ఖర్చుకు కొత్తది వస్తుంటే ఎవరు వస్తారు? ఆయన, "మా మూడు స్టోర్ల వారంటీ రిపేర్లన్నీ మీకే ఇస్తం. శని, ఆదివారాలు మీరు స్టోర్ల మిషన్ నడిపి చూపియ్యాలె. ఆడమనిషి నడిపిస్తే జనం నమ్ముతరు" అన్నాడు. ఆ చివరి మాట నాకు గర్వంగా అనిపించింది. నిజం చెబుతున్నాను, మొదట గర్వమే అనిపించింది.

నీ ఉత్తరం ఆ వారంలోనే వచ్చింది. మొదట రాసిందే మళ్లీ రాయాలని కూర్చున్నాను. కాగితం మీద "వద్దు" అని రాసి, తల ఎత్తితే ఎదురుగా ఆ బోర్డు కనబడింది. కాగితం చింపేసి రెండోది తీసుకున్నాను. అందుకే అది అంత పొట్టిగా ఉంది. అబద్ధాన్ని వివరంగా రాయడం నాకు చేతకాలేదు.

నీ ఉత్తరం కంటే ముందు నీ డ్రిల్లు వచ్చింది. సోమవారం బస్తాలో వచ్చిన తొమ్మిదింటిలో అదొకటి. ట్యాగు మీద "మహేశ్వరి, దుబ్బాక" అని నీ చేతిరాత. అబ్బా దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. కళ్లు సరిగ్గా లేకపోయినా ముక్కు ఇంకా ఉస్తాదే. "ఇది కాంక్రీటు మీద కాలింది. దీనితోని బీముకు కొట్టుమని ఎవరు చెప్పిన్రు ఆ పిల్లకు?" అన్నాడు.

నేను బల్ల మీది మరలు ఏరి డబ్బాలో వేయసాగాను.

"నువ్వేనా?" అన్నాడు. ముఖం అటు తిప్పుకుని, నా ముందున్న మిగతా ఎనిమిదింటిని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు నేను చేయాల్సిన పని ఆయనే చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న ఆదివారం ఏం చేశానో రాస్తాను. మెచ్చుకొమ్మని కాదు, నీకు తెలియాలని. పాత ఇల్లు కూలగొడుతున్న చోటికి పోయి, విరిగిన బీము ముక్క ఒకటి ఆటోలో వేయించుకుని స్టోరుకు తెచ్చాను. బల్ల మీద మూడు పెట్టాను: చెక్క, ఎర్ర ఇటుక, బీము ముక్క. జనం చేరారు. చెక్కకు కొట్టాను, బాగుంది. ఇటుకకు కొట్టాను, బాగుంది. తర్వాత మైకులో, "ఇప్పుడు అసలైన కాంక్రీటు. ఇంతదనుక నేను చూపిచ్చింది కాంక్రీటు కాదు, తేలిక ఇటుక. నాది తప్పు" అని చెప్పి కొట్టాను. రెండు నిమిషాలు పట్టలేదు, పొగ లేచింది.

ఓంప్రకాశ్ కందిపప్పు వరస దాటుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నవమ్మా నువ్వు?"

"అమ్ముతున్న సార్. పరదాలకు, ఫొటోలకు, చెక్క పనికి తీస్కొండ్రి, పైసలకు తగ్గ మిషన్. స్లాబుకు, బీముకు మాత్రం తీస్కోకుండ్రి. రోజు పని చేసేటోళ్లు అస్సలే తీస్కోకుండ్రి."

కొంతమంది డబ్బాలు తిరిగి అరలో పెట్టేశారు. ఒక పెద్దాయన మాత్రం, "నాకు గోడకు గడియారం తగిలిచ్చెటందుకే. ఇప్పుడు ధైర్యంగ కొంట" అని ఒకటి తీసుకున్నాడు. ఒక్కడే. ఓంప్రకాశ్ నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, అరవలేదు. "గా మాట ముందుగాల నాకు చెప్తే వేరే తీరుగ చూసుకుందుముగద" అన్నాడు. అది కూడా నిజమే. ఆయనకు కూడా చెప్పకుండానే చేశాను. ఆప్రాన్ మడిచి ఇచ్చి వచ్చేశాను. మర్నాడు వాళ్ల మనిషి వచ్చి బోర్డు విప్పుకుపోయాడు. అతని స్క్రూడ్రైవర్ సరిగ్గా లేక, నాదే ఇచ్చాను.

దుకాణం ఎట్ల నడుస్తుందో తెలియదు. నడవకపోతే అప్పుడు చూద్దాం.

ఈ ఉత్తరంతోపాటు దుబ్బాక బస్సులో ఒక పెట్టె పంపుతున్నాను. అబ్బా వాడుతున్న పెద్ద డ్రిల్లు అది, జూలైలోనే పంపాల్సింది. కాంక్రీటుకు పుట్టిన మిషన్. నీకు ఇచ్చేయడం లేదు, పై వరస అయ్యేదాకా వాడుకో. బరువు ఎక్కువ, రెండు చేతులతో పట్టుకో, మోచేయి ఒంటికి ఆనించు. నీకు కోపం ఉంటే ఉండనీ. అరలు మాత్రం నేల మీద ఉండకూడదు.

అర్షియా

*

దుబ్బాక,
సెప్టెంబరు 3.

అర్షియా,

పెట్టె అందింది. మా అత్త విప్పి, ఎత్తబోయి, ఎత్తలేక, "పంపుసెట్టు పంపిందా నీ దోస్తు?" అంది.

మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఎందుకో చెబుతాను. నువ్వు ఊరందరికీ ఏం అమ్మావన్నది నాకు అంత పట్టలేదు. అమ్మేవాళ్లు అట్లాగే అమ్ముతారు, కొనేవాళ్లు కాస్త అనుమానంతోనే కొంటారు. నేను అనుమానం లేకుండా అడిగాను. "నువ్వు ఏది చెబితే అది" అని రాశాను. అది చదివిన తర్వాత కూడా రాశావు చూడు, అక్కడ నొప్పి. ఇప్పుడు కూడా ఉంది, పూర్తిగా పోయిందని రాస్తే నేనూ నీకు పొట్టి ఉత్తరం రాసినట్టే.

నాలుగో రోజు పొద్దున రాజం నిచ్చెన భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. "ఎక్కడికి?" అన్నాను. "చీరల దుకాణానికి. నేను కింద పట్టుకుంట. నువ్వు ఎక్కు" అన్నాడు.

ప్రమీలాదేవి ముందే చీరలన్నిటికీ పాత దుప్పట్లు కప్పించింది. నేను నిచ్చెనెక్కి, రెండు చేతులతో పట్టుకుని, మోచేయి ఒంటికి ఆనించి, కొట్టాను. అర్షియా, ఏం మిషనే అది! బీములోకి ఆవు మేతకు పోయినట్టు నిమ్మళంగా పోయింది. తొందరే లేదు. అప్పుడు మీ నాన్న అన్న మాట నాకు పూర్తిగా అర్థమైంది. ఆ పచ్చదాన్ని నేను బలమంతా పెట్టి నొక్కాను, అది దిగకపోయేసరికి ఇంకా నొక్కాను. తప్పులో పావు వంతు నాది కూడా రాసుకో. పావే, అంతకంటే ఇవ్వను.

పై వరస మధ్యాహ్నానికి అయిపోయింది. ప్రమీలాదేవి ఒక అరను పట్టుకుని వేలాడినంత పని చేసి చూసింది, కదల్లేదు. "పొగ రాలేదేందమ్మా ఈసారి?" అంది. ఈసారి నేనూ నవ్వగలిగాను. డబ్బులిచ్చింది, వద్దన్నా రవిక గుడ్డ కూడా పెట్టింది.

పెట్టె అడుగున, కాలినదానికి బదులు వారంటీలో వచ్చిన కొత్త పచ్చది కూడా పెట్టి పంపావు కదా, అది కూడా నా దగ్గరే ఉంచుకుంటున్నాను. చెక్కకు, చిన్న మరలకు తేలికగా ఉంది. మా అత్త దానితో తనే ఒక మేకు రంధ్రం కొట్టింది. ఇల్లు మొత్తం గొడుగులే వేలాడుతున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ దుకాణంలో పని చూసిన మల్లమ్మ అని ఒకామె, తొగుటలో మహిళా సంఘం పెద్దమనిషి, నా దగ్గరికి వచ్చింది. వాళ్ల సంఘం కొత్త కుట్టు కేంద్రం కట్టుకుంది. ఇరవై కుట్టు మిషన్లకు కరెంటు పాయింట్లు, పన్నెండు ఫ్యాన్లు, గోడల పొడుగునా అరలు. పైకప్పంతా స్లాబే. "ఆడోళ్లు కూసునే జాగ, ఆడోళ్లే చేస్తే బాగుంటది. ఎంతమంది ఉన్నరు మీరు?" అని అడిగింది.

నేను ఆలోచించకుండానే "ఇద్దరం" అన్నాను. అన్న తర్వాత ఆలోచించాను. ఆలోచించినా "ఇద్దరం" అనే వచ్చింది.

పని ఈ నెల పద్నాలుగు, ఆదివారం నుంచి. నీ వైరింగ్ నాకంటే మంచిది, అది ఒప్పుకుంటాను. ఒక్కటే షరతు. ఆ స్లాబు మీద నాకు తప్పు కనబడితే నీ ముఖం మీదే చెబుతా, నీకు కనబడితే నా ముఖం మీదే చెప్పాలి. బాధపడతానేమోనని మింగొద్దు.

వస్తావా?

మహేశ్వరి

*

సిద్దిపేట,
సెప్టెంబరు 8.

మహేశ్వరీ,

నీ ఉత్తరం అబ్బాకు చదివి వినిపించాను, నొప్పి దగ్గర కూడా ఆపకుండా చదివాను. విన్నాక లేచి, గోడకున్న నా పాత టెస్టరు, కట్టరు, తీగల సంచి తీసి ఒక్కొక్కటే తడిమి చూసి తుడిచి పెట్టాడు. ఆదివారం దుకాణంలో తనే కూర్చుంటాడట. "కండ్లు లేకుంటే ఏమాయె, గిరాకీలకు నోరున్నది గద, చెప్తరు" అంటున్నాడు.

ఈ ఉత్తరం పొడుగ్గా రాద్దామని రెండు కాగితాలు తీసుకుని కూర్చున్నాను. జూలైలో చింపేసిన కాగితం గురించి, నువ్వు బియ్యం బస్తాల వెనక నిలబడ్డ సంగతి చదివినప్పటి నుంచి నాకు ఎట్లా ఉందో, ఇంకా చాలా రాయాలనుకున్నాను.

అబ్బా వచ్చి, "ఏం రాస్తున్నవ్ బేటా, గంట నుంచి?" అన్నాడు.

"వస్తున్ననని."

"దానికి గంటెందుకు? పొద్దున ఏడింటికి బస్సున్నది" అన్నాడు.

అర్షియా